ఇంజన్ బ్లాక్ ఏం చెబుతుంది? పాత అమెరికన్ మజిల్ కార్లలో అసలు, నకలు తేల్చే పని

1969 మోడల్ సంవత్సరంలో షెవర్లే కంపెనీ 2,43,000 పైచిలుకు కమారో కార్లు తయారు చేసింది. వాటిలో రేసుల కోసం పుట్టిన జెడ్/28 రకం కార్లు 20,302. అంటే పన్నెండింట ఒకటి. ఇప్పుడు అమ్మకానికి వచ్చే 1969 కమారోల్లో జెడ్/28 గీతలు, బ్యాడ్జీలు ఉన్నవాటిని చూస్తే మాత్రం ఈ లెక్క నమ్మబుద్ధి కాదు. మామూలు కమారో కొని, గీతలు వేయించి, సరైన చక్రాలు బిగించి, అలాంటి ఇంజనే ఒకటి తెచ్చి పెడితే చూపుకు జెడ్/28 అయిపోతుంది. ముచ్చటపడి అలా చేసుకుని, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు. అలాంటి కార్లను అక్కడ క్లోన్ అంటారు, కాస్త మర్యాదగా ట్రిబ్యూట్ అంటారు. ఆ మాట చెప్పకుండా అసలు కారు ధరకు అమ్మినప్పుడే గొడవ మొదలవుతుంది.

మన ఆర్‌సీలో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రెండూ ఉంటాయి కాబట్టి, నంబరు చూసి తేల్చేయొచ్చు కదా అనిపిస్తుంది. 1969 కమారో విషయంలో ఆ వీలు లేదు. దాని వీఐఎన్, అంటే మనం ఛాసిస్ నంబరు అనేది, 124379ఎన్ అని మొదలవుతుందనుకుందాం. మొదటి 1 షెవర్లేకి గుర్తు. 24 అంటే వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఉన్న కమారో. 37 కూపే బాడీ, 9 సంవత్సరం, ఎన్ ఒహాయో రాష్ట్రంలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీ. లాస్ ఏంజిలిస్ ఫ్యాక్టరీ కారైతే ఆ చోట ఎల్ ఉంటుంది. ఆ తర్వాత ఆరంకెల వరుస సంఖ్య, అంతే. లోపల 307 ఇంజన్ (ఈ అంకె క్యూబిక్ అంగుళాల్లో ఇంజన్ సైజు) ఉన్నా, 350 ఉన్నా, 396 ఉన్నా వీఐఎన్ మొదటి భాగం మారదు. వీ8 అని చెబుతుంది, ఏ వీ8 అనేది చెప్పదు. షెవర్లే, పాంటియాక్‌లకు మాతృసంస్థ అయిన జనరల్ మోటార్స్ కార్ల వీఐఎన్‌లో ఇంజన్‌కు విడిగా ఒక అక్షరం వచ్చింది 1972 మోడల్ నుంచే. మజిల్ కార్ల, అంటే మామూలు బాడీలో పెద్ద ఇంజన్ బిగించిన కార్ల మంచి రోజులు అప్పటికి దాదాపు అయిపోయాయి.

దీనికి కారణం జెడ్/28 అసలు మోడలే కాకపోవడం. అది ఆర్డర్ ఫారంలో టిక్ పెడితే వచ్చే ఆప్షన్ ప్యాకేజీ. ట్రాన్స్-యామ్ రేసుల్లో ఇంజన్ 5 లీటర్లు, అంటే 305 క్యూబిక్ అంగుళాలు దాటకూడదు. అందుకని షెవర్లే ఇంజనీర్లు 327 ఇంజన్ సిలిండర్ వెడల్పునూ, 283 ఇంజన్ స్ట్రోక్‌నూ (పిస్టన్ కదిలే దూరం) కలిపి 302 క్యూబిక్ అంగుళాల ఇంజన్ తయారు చేశారు. కాగితం మీద దాని బలం 290 హార్స్‌పవర్. నిజంగా అంతకన్నా ఎక్కువేనని అప్పటి రేసర్లకు బాగా తెలుసు. రేసులో దించాలంటే అదే కారును జనానికీ అమ్మాలి. అందుకే ఈ ప్యాకేజీ పుట్టింది. యాభై ఏళ్ల తర్వాత ఎవరో భూతద్దం పట్టుకుని ఆధారాలు వెతుకుతారని ఆ ఫారాలు తయారు చేసినవాళ్లు ఎందుకు అనుకుంటారు?

మజిల్ కార్ల ఒరవడిని మొదలుపెట్టిందని అందరూ చెప్పే పాంటియాక్ జీటీఓదీ ఇదే కథ. జనరల్ మోటార్స్ తన మధ్యస్థాయి కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు మించిన ఇంజన్ పెట్టకూడదని తనకు తానే నియమం పెట్టుకుంది. 1964 మోడల్ కోసం పాంటియాక్ ఇంజనీర్లు, వారిలో జాన్ డెలోరియన్ ముఖ్యుడు, 389 ఇంజన్‌ను కొత్త మోడల్‌గా కాకుండా లె మాన్స్ కారుకు ఆప్షన్‌గా పెట్టి ఆ నియమాన్ని పక్కదారి పట్టించారు. ఫలితంగా 1964, 1965 జీటీఓల వీఐఎన్ చూస్తే మామూలు లె మాన్స్ అనే ఉంటుంది. 1966లో జీటీఓ సొంత మోడల్ అయ్యాకే వీఐఎన్‌లో దానికి 242 అన్న గుర్తు వచ్చింది.

బ్లాక్ మీద మూడు రాతలు

వీఐఎన్ తేల్చలేని చోట ఇంజన్‌ను అడగాలి. అమ్మకం ప్రకటనల్లో కనిపించే ‘నంబర్స్ మ్యాచింగ్’ అన్న మాట ఇక్కడిదే. కానీ బ్లాక్, అంటే సిలిండర్లుండే ఇనుప దిమ్మ మీద ఉండేది ఒక్క నంబరు కాదు, మూడు రకాల రాతలు. మూడింటి విలువా ఒకటి కాదు.

మొదటిది పోత నంబరు. ఇనుము కరిగించి అచ్చులో పోసినప్పుడే బ్లాక్ మీద ఉబ్బెత్తుగా వస్తుంది. ఇది ఆ బ్లాక్ ఏ డిజైన్‌దో చెబుతుంది, ఏ కారుదో చెప్పదు. ఉదాహరణకు 3970010 అనే బ్లాకును 1969లో 302 ఇంజన్లలోనూ వాడారు, 350 ఇంజన్లలోనూ వాడారు. 350లలో అయితే 1970ల చివరిదాకా అదే నంబరు నడిచింది. అంటే పికప్ ట్రక్కులోంచి తీసిన బ్లాక్ మీద కూడా ఇదే ఉంటుంది. ‘పోత నంబరు సరిపోయింది సార్’ అని అమ్మకందారు గర్వంగా చెబితే అతను చెప్పింది చాలా తక్కువ.

రెండోది పోత తేదీ. జనవరికి ఏ, ఫిబ్రవరికి బీ, అలా డిసెంబరుకు ఎల్. ఏ 8 9 అని ఉంటే జనవరి 8, 1969. ఇదే బ్లాక్ 1979 జనవరిలో పోసినా ఏ 8 9 అనే ఉంటుంది. సంవత్సరానికి ఆఖరి అంకె ఒక్కటే వేయడం వల్ల వచ్చిన తలనొప్పి ఇది.

మూడోదే అసలు సాక్షి. ఇంజన్ ముందువైపు, ప్రయాణికుడు కూర్చునే పక్క, సిలిండర్ హెడ్ అంచు కింద చదునుగా చెక్కిన చిన్న జాగా ఉంటుంది. దాన్ని ప్యాడ్ అంటారు. ఇంజన్ బిగించడం పూర్తయ్యాక కార్మికుడు సుత్తితో కొట్టి దాని మీద అక్షరాలు అచ్చు వేసేవాడు. వీ0121డీజెడ్ అని ఉంటే, ఫ్లింట్ ఫ్యాక్టరీలో జనవరి 21న బిగించిన ఇంజన్ అని. చివరి డీజెడ్ 1969 జెడ్/28లో వేసే 302 ఇంజన్ గుర్తు. 396, 427 లాంటి పెద్ద ఇంజన్లు న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండాలో తయారయ్యేవి కాబట్టి వాటి మీద వీ బదులు టీ ఉంటుంది. 1968 నుంచి దీనికి తోడు కారు వీఐఎన్‌లోని ఒక భాగాన్ని కూడా ఇంజన్ మీద, గేర్‌బాక్స్ మీద కొట్టడం మొదలుపెట్టారు. 1969 కమారోలో 19ఎన్ అని మొదలై కారు వరుస సంఖ్యతో ముగుస్తుంది. ప్యాడ్ మీద లేకపోతే ఆయిల్ ఫిల్టర్ దగ్గర వెతకాలి. ఈ సంఖ్య డ్యాష్‌బోర్డు మీది వీఐఎన్‌తో కలిస్తేనే ఆ ఇంజన్ ఆ కారుతో పుట్టిందని అర్థం.

ఈ తేదీలు ఒకదానికొకటి పొసగాలి. బ్లాక్ జనవరి 8న పోశారు, ఇంజన్ జనవరి 21న బిగించారు, కారు ఫిబ్రవరి మొదటి వారంలో లైను దిగింది అంటే నమ్మొచ్చు. కారు జనవరి రెండో వారంలో తయారై, ఇంజన్ మీద జనవరి 21 ఉంటే ఎక్కడో అబద్ధం ఉంది. మిగతా భాగాలకూ ఇదే వర్తిస్తుంది. ఇండియానాలోని మన్సీలో తయారైన నాలుగు గేర్ల గేర్‌బాక్స్ మీద పీ, సంవత్సరం, నెల, రోజు ఉంటాయి. ఆ ఏడాది జెడ్/28కి వేసిన హోలీ కార్బ్యురేటర్ మీద లిస్ట్ 4053 అనీ, దాని కింద మూడంకెల తేదీ అనీ ఉంటాయి. 913 అంటే 1969, మొదటి నెల, మూడో వారం. ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్, స్టార్టర్ మోటార్, చివరికి కిటికీ అద్దం మూలన ఉండే చిన్న ముద్రలో కూడా తేదీ దాగి ఉంటుంది. పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లన్నీ వరుసగా పెట్టుకుని ఎక్కడైనా తెగిందా అని చూస్తామే, ఇక్కడ చేసేదీ ఆ పనే.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. తేదీ సరిపోయిన ఆల్టర్నేటర్ వేరు, కారుతో పాటు వచ్చిన ఆల్టర్నేటర్ వేరు. దాని మీద వీఐఎన్ ఉండదు కాబట్టి ఇంకో పాత కారులోంచి తీసి బిగించినా ఎవరూ కనిపెట్టలేరు. ఆ వేటే ఒక పెద్ద వ్యాపారం. నాకు ఇందులో తప్పు కనిపించదు. పాడైన భాగం స్థానంలో అదే నెలలో తయారైనది వెతికి పెట్టడం ఓపికకు పరీక్ష. దాన్ని ‘ఒరిజినల్’ అని చెప్పుకున్నప్పుడే తేడా వస్తుంది.

సుత్తి ఎవరైనా కొట్టొచ్చు

ప్యాడ్ మీద అక్షరాలు కొట్టడానికి కావాల్సింది ఒక బ్లాక్, ఒక అచ్చుల సెట్, కొంచెం ధైర్యం. పాత రాతను అరగదీసి, కావాల్సింది మళ్లీ కొట్టడాన్ని రీస్టాంప్ అంటారు. దీన్ని పట్టుకునేవాళ్లు ముందు అక్షరాలను కాదు, వాటి వెనకున్న లోహాన్ని చూస్తారు. ఫ్యాక్టరీలో బ్రోచ్ అనే యంత్రం ప్యాడ్‌ను చదును చేసినప్పుడు ఒకే దిశలో సన్నని సమాంతర గీతలు పడతాయి. అరగదీస్తే అవి పోతాయి. మోసగాళ్లు ఆ గీతలనూ గీయడం నేర్చుకున్నారు. అందుకని ఇప్పుడు అక్షరాల ఆకారం, వంపు, వాటి మధ్య ఎడం, లోతు అన్నీ అదే వారంలో అదే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇతర ఇంజన్ల ఫోటోలతో పోల్చి చూస్తారు. కార్మికుడు చేత్తో కొట్టినవి కాబట్టి అసలు రాత కాస్త వంకరగానే ఉంటుంది. మరీ అందంగా ఉన్న ప్యాడ్‌ను చూస్తేనే అనుమానం రావాలి.

ఇందులో బాధ కలిగించేది మరొకటి. ఇంజన్ రీబిల్డ్ చేసేటప్పుడు బ్లాక్ పైభాగం వంగిపోతే లేత్ షాపులో దాన్ని పలచగా చెక్కి చదును చేస్తారు. మంచి మెకానిక్ చేసే మామూలు పనే అది. ప్యాడ్ కూడా అదే ఎత్తులో ఉంటుంది కాబట్టి కత్తి దాని మీద కూడా నడుస్తుంది, రాత మొత్తం పోతుంది. ఇంజన్ నూటికి నూరు పాళ్లు అసలుదే, కానీ ఇక ఎవరికీ నిరూపించలేరు. 1980ల్లో ఈ కార్లు ఇంకా సెకండ్ హ్యాండ్ బళ్లుగానే తిరుగుతున్నప్పుడు ఎన్ని అసలు ఇంజన్లు ఇలా పేరు పోగొట్టుకున్నాయో. ఇప్పుడు తెలిసినవాళ్లు లేత్ షాపుకి పంపే ముందు ప్యాడ్‌ను దగ్గర నుంచి ఫోటోలు తీసి, దాన్ని ముట్టుకోవద్దని రాసి మరీ ఇస్తారు.

మార్కెట్ తీర్పు అన్నిసార్లూ న్యాయంగా ఉండదనడానికి సీఈ బ్లాకులు ఉదాహరణ. ఈ కార్లు కొన్నవాళ్లు వాటిని పూజకు పెట్టుకోలేదు, రేసుల్లో తోలారు. వారంటీలో ఉండగానే ఇంజన్లు పగిలాయి. షెవర్లే డీలర్ కొత్త బ్లాక్ వేసి ఇచ్చేవాడు. ఆ బ్లాక్ మీద సీఈ అన్న అక్షరాలు, వాటి పక్కన ఒక వరుస సంఖ్య ఉంటాయి. కంపెనీయే, డీలర్ షెడ్డులోనే మార్చిన ఇంజన్ అది. కారు జీవితంలో నిజంగా జరిగిన సంగతి. అయినా నంబర్లు కలవవు కాబట్టి కొనేవాళ్లు ధర తగ్గిస్తారు. నన్నడిగితే అరగదీసి మళ్లీ కొట్టిన ‘మ్యాచింగ్’ ప్యాడ్ కన్నా, డీలర్ బిల్లుతో ఉన్న సీఈ బ్లాక్ వెయ్యి రెట్లు మేలు.

ఎవరు రికార్డులు దాచారు, ఎవరు పారేశారు

ఇంజన్ సాక్ష్యం చాలనప్పుడు కాగితాలు కావాలి. ఇక్కడ కంపెనీకో కథ.

అందరికన్నా అదృష్టవంతులు ఫోర్డ్ వాళ్లు. ఫోర్డ్ వీఐఎన్‌లో ఐదో అక్షరం ఇంజనే. 1969 మస్టాంగ్‌లో అక్కడ జీ ఉంటే బాస్ 302, జెడ్ ఉంటే బాస్ 429. దానికి తోడు 1967 మోడల్ నుంచి ఫోర్డ్ ఉత్పత్తి రికార్డులు భద్రంగా ఉన్నాయి. కెవిన్ మార్టీ అనే ఆయన వాటిని కంపెనీ అనుమతితో నిర్వహిస్తున్నారు. వీఐఎన్ ఇచ్చి డబ్బు కడితే ఆ కారు ఏ రంగులో, ఏ ఆప్షన్లతో, ఏ డీలర్‌కి వెళ్లిందో రిపోర్టు వస్తుంది. దాన్ని అందరూ మార్టీ రిపోర్ట్ అనే పిలుస్తారు. పాంటియాక్‌కీ ఇలాంటి భాగ్యమే దక్కింది. 1961 నుంచి ఫ్యాక్టరీ ఇన్వాయిస్‌లు మైక్రోఫిల్మ్ మీద మిగిలాయి, పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ ద్వారా కాపీలు దొరుకుతాయి. 1964 జీటీఓ అసలుదా, లె మాన్స్ వేషమా అన్నది ఆ ఒక్క కాగితంతో తేలిపోతుంది.

క్రైస్లర్ ముచ్చట వేరు. ఆ కంపెనీ ప్లిమత్ బ్రాండ్‌లో వచ్చిన 1970 హెమీ కుడా వీఐఎన్ బీఎస్23ఆర్0బీ అని మొదలవుతుంది. ఇందులో ఆర్ అంటే 426 హెమీ అనే పెద్ద ఇంజన్, చివరి బీ అంటే మిషిగన్‌లోని హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీ. కాబట్టి మామూలు కుడాను హెమీగా చూపించాలంటే వీఐఎన్‌నే మార్చాలి. అది నేరం. ఇంజన్ గదిలో ఎడమ ఫెండర్ (చక్రం మీది రేకు) లోపలి వైపు బిగించిన చిన్న రేకు మీద కోడ్లు కొట్టి ఉంటాయి. ఈ74 అంటే హెమీ, డీ21 అంటే నాలుగు గేర్లు, ఎఫ్‌సీ7 అంటే ఆ పేరుమోసిన ఊదా రంగు. రికార్డులు మాత్రం ఈ కాలం కార్లకు కంపెనీ దగ్గర దొరకవు. అందుకే బ్రాడ్‌కాస్ట్ షీట్‌కి అంత గిరాకీ. అసెంబ్లీ లైన్‌లో కార్మికులు చూసుకోవడానికి కంప్యూటర్ ప్రింట్ చేసిన కాగితం అది. పనయ్యాక వాళ్లు దాన్ని వెనక సీటు స్ప్రింగుల్లోనో, గ్లవ్ బాక్స్ పైనో, కార్పెట్ కిందో దోపి వదిలేసేవాళ్లు. ఒక్కోసారి పక్క కారుది ఇందులో, ఇందులోది పక్క కారులో. యాభై ఏళ్ల తర్వాత సీటు విప్పి చూస్తే ఎలుకలు కొరికిన సగం కాగితం దొరికినా పండగే. 1971 హెమీ కుడా కన్వర్టిబుల్స్ తయారైనవి 11 మాత్రమే. 2014లో సియాటిల్ వేలంలో వాటిలో ఒకటి 35 లక్షల డాలర్లు పలికింది. అంత సొమ్ము చేతులు మారే చోట ఆ కాగితం ముక్క విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

ఇక షెవర్లే. అమెరికాలో అమ్మిన కార్ల ఆప్షన్ల వివరాలు విడివిడిగా నిలవలేదు. విచిత్రంగా కెనడాలో అమ్మిన కార్లకు మాత్రం జనరల్ మోటార్స్ కెనడా దగ్గర రికార్డులున్నాయి. కాబట్టి ఒకే వారం నార్‌వుడ్‌లో తయారైన రెండు జెడ్/28లలో సరిహద్దు దాటి టొరంటో వెళ్లినదాన్ని ఒక ఉత్తరంతో నిరూపించొచ్చు, ఒహాయోలోనే ఉండిపోయినదానికి యజమాని అటక మీద వెతుక్కోవాలి. అసలు విండో స్టిక్కర్, డీలర్ బిల్లు, వారంటీ పుస్తకానికి అతికించిన ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు రేకు, వీటిలో ఏదైనా దొరికితే గట్టెక్కినట్టే. 1968 డిసెంబరు నుంచి నార్‌వుడ్ కార్లకు ఇంకో చిన్న సాయం ఉంది. ఫైర్‌వాల్, అంటే ఇంజన్ గదికీ కారు లోపలికీ మధ్య గోడ మీది రేకులో ఎక్స్33 లేదా ఎక్స్77 అన్న కోడ్ ఉంటే అది జెడ్/28. లాస్ ఏంజిలిస్ ఫ్యాక్టరీ ఆ కోడ్లు వేయలేదు. అయితే ఆ రేకులకు నకళ్లు చేసేవాళ్లూ ఉన్నారు, కాబట్టి రేకు ఒక్కటే చూసి సంతోషపడకూడదు. షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్లలో బిల్డ్ షీట్‌ను (బ్రాడ్‌కాస్ట్ షీట్ లాంటిదే) పెట్రోల్ ట్యాంకు పైన అతికించేవాళ్లు. చదవాలంటే ట్యాంకు దించాలి, దించాక తుప్పు పట్టి చిరిగిపోయి ఉండొచ్చు.

భాగాలు: పాత పెట్టెలో కొత్తవి

ఎన్‌వోఎస్ అంటే అప్పట్లో తయారై, అమ్ముడుపోక పెట్టెలోనే మిగిలిపోయిన భాగం. పెన్సిల్వేనియాలోని కార్లైల్, హెర్షీలో జరిగే పెద్ద సంతల్లో వీటికోసం జనం తెల్లవారకముందే టార్చి పట్టుకుని తిరుగుతారు. కానీ ఎన్‌వోఎస్ కదా అని కళ్లు మూసుకోకూడదు. డీలర్లకు పంపే సర్వీస్ భాగం చాలాసార్లు అసెంబ్లీ లైన్‌లో బిగించినదానితో అచ్చంగా ఒకటి కాదు. పదేళ్ల తర్వాత తయారైన సర్వీస్ ఫెండర్‌లో రంధ్రాలు వేరే చోట ఉండొచ్చు, తేదీ ముద్ర ఉండకపోవచ్చు. అందుకే బాగుచేయగల స్థితిలో ఉన్న పాత ఫెండర్ చేతిలో ఉంటే, దాన్నే సరిచేయించడం నా దృష్టిలో మంచి పని. రబ్బరు విషయంలో అయితే ఎన్‌వోఎస్ ఊసే వద్దు. 1969 నాటి బ్రేక్ హోస్ పెట్టెలో ఎంత మెరుస్తున్నా లోపల చచ్చిపోయి ఉంటుంది. టైర్లూ అంతే, ప్రదర్శనలో నిలబెట్టడానికే పనికొస్తాయి.

నకలు భాగాలు మంచివీ ఉన్నాయి, చెత్తవీ ఉన్నాయి. జనరల్ మోటార్స్, ఫోర్డ్ లైసెన్స్ ఇచ్చి చేయించేవి కొన్ని. ఇప్పుడు 1969 కమారో బాడీ మొత్తం కొత్త రేకుతో చేసినది కొనుక్కోవచ్చు. అంటే బాడీ, లోపలి సామాను, రీస్టాంప్ చేసిన ఇంజన్ కలిపి ఒక్క పాత మేకు కూడా లేని ‘1969 కారు’ తయారు చేయడం సాధ్యమే. పాతది మిగిలేది వీఐఎన్ రేకు ఒక్కటే.

ఆ రేకు దగ్గర చట్టం చాలా కఠినంగా ఉంటుంది. కాన్సస్ రాష్ట్రంలో ఒకాయన తాను కొన్న 1959 కార్వెట్‌ను 2017లో రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్లాడు. తనిఖీలో వీఐఎన్ రేకును ఎప్పుడో ఊడదీసి మళ్లీ బిగించినట్టు తేలింది. దొంగ కారు కాదు. పూర్వం రెస్టోరేషన్ చేసినవాళ్లు రంగు వేయడానికి రేకు తీశారు, అంతే. అయినా పోలీసులు కారును స్వాధీనం చేసుకున్నారు. అప్పటి చట్టం ప్రకారం దాన్ని తుక్కు చేయాలి. ఐదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక, 2022లో పాత కార్ల రెస్టోరేషన్‌కి మినహాయింపు ఇస్తూ రాష్ట్రం చట్టాన్ని సవరించింది, కారు యజమానికి దక్కింది. అందుకే అనుభవం ఉన్న షెడ్డుల్లో రేకును కదపరు, దాని మీద టేపు వేసి చుట్టూ రంగు కొడతారు.

ఎంత బాగుచేస్తే ఎక్కువ?

ఫ్యాక్టరీ ఎలా చేసిందో తెలియాలంటే అసెంబ్లీ మాన్యువల్ రీప్రింట్లు చూడాలి, చెయ్యి పడని కార్లు చూడాలి. ఏ బోల్టుకి నల్లటి ఫాస్ఫేట్ పూత, దేనికి పూతే లేదు, బోల్టు తల మీద ఏ కంపెనీ అక్షరాలు ఉండాలి అనే దాకా వెళతారు. రంగులోనూ తేడాలున్నాయి. జనరల్ మోటార్స్ ఆక్రిలిక్ లాకర్ వాడింది, ఫోర్డ్, క్రైస్లర్ ఎనామెల్ వాడాయి. అప్పటి పని అంత నీటుగా ఉండేది కాదు. తలుపు అంచుల్లో రంగు పలచన, అడుగున తుంపర్లు, బాడీ మీద సుద్దతో గీసిన తనిఖీ గుర్తులు. 1974లో మొదలైన నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ పోటీల్లో ఫ్యాక్టరీ కన్నా బాగా చేసినా మార్కులు కోస్తారు. కాబట్టి ఇప్పుడు రెస్టోరేషన్ షెడ్డుల్లో నిపుణులు కూర్చుని, అప్పటి కార్మికుడు హడావిడిగా గీసిన సుద్దగీతను ఎంతో శ్రద్ధగా మళ్లీ గీస్తున్నారు. నవ్వొస్తుంది, కానీ ఆ గీత ఎక్కడుండేదో తెలిసింది ఎవరూ ముట్టుకోని కార్ల వల్లే. అలాంటి కారును విప్పి కొత్తగా చేస్తే ఆ సమాచారం శాశ్వతంగా పోతుంది.

మార్కెట్‌కి కూడా ఇది ఆలస్యంగా అర్థమైంది. ఒక హాలీవుడ్ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన 1968 మస్టాంగ్ 2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిసిమ్మీ వేలంలో ఫీజులతో కలిపి 37.4 లక్షల డాలర్లకు పోయింది. రంగు వెలిసిపోయి, తుప్పు మచ్చలతో, కెమెరా బిగించడానికి అడుగున వెల్డింగ్ చేసిన ముక్కలతో సహా, ఉన్నదున్నట్టుగా. అదే సినిమాలో స్టంట్లకు వాడిన రెండో కారు 2017లో మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో బయటపడింది. దాన్ని వేరే సినిమా కారులా మార్చే పనిలో ఉన్నారట. మార్టీ వచ్చి వీఐఎన్ చూసి ఖాయం చేయబట్టి ఆ పని ఆగింది.

నడిపేవాళ్ల ఇబ్బందులు వేరే. 1969 జెడ్/28లో కంప్రెషన్ 11:1. అది సీసం కలిపిన మంచి పెట్రోల్ దొరికే రోజుల కోసం చేసిన ఇంజన్. అమెరికాలో రోడ్డు మీది వాహనాలకు సీసం పెట్రోల్‌ను 1996 జనవరి 1 నుంచి పూర్తిగా నిషేధించారు. సీసం లేకపోతే గట్టిగా తోలే ఇంజన్‌లో పాత ఇనుప వాల్వ్ సీట్లు అరిగిపోతాయి కాబట్టి రీబిల్డ్‌లో గట్టి సీట్లు వేస్తారు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది. ఇప్పటి మామూలు ఇంజన్ ఆయిల్‌లో జింకు, ఫాస్ఫరస్ తగ్గించారు, దాంతో పాతకాలపు క్యామ్‌షాఫ్ట్ అరిగిపోయే ప్రమాదం ఉంది. ఇవన్నీ బయటికి కనిపించవు, ఏ జడ్జీ మార్కులు కోయడు. ఇలాంటి చోట్ల ఒరిజినాలిటీ పట్టుదల పక్కన పెట్టడమే తెలివి. డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లు ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపుకి వెళితే ఈ కార్లు మైళ్ల కొద్దీ వరుసగా నడుస్తూ కనిపిస్తాయి. యజమానులు బానెట్ ఎత్తి మరీ చూపిస్తారు. ప్యాడ్ ఎక్కడుందని అడిగి చూడండి, మీకు సంగతి తెలుసని వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఇంత వెతికాక కూడా కారు ఒక చోట, దాని అసలు ఇంజన్ ఇంకో చోట ఉండటం మామూలే. 1970ల్లో రేసుకోసం ఇంజన్ తీసి అమ్మేశారు, దాన్ని ఇంకెవరో పడవలోనో, పికప్‌లోనో పెట్టుకున్నారు. బ్లాక్ మీద వీఐఎన్ ముక్క ఉంది కాబట్టి అది ఏ కారుదో చెప్పొచ్చు. కారు యజమానుల నంబర్లూ, విడి బ్లాకుల నంబర్లూ పక్కపక్కన పెట్టి జత కలపడానికి జాబితాలు నిర్వహించేవాళ్లున్నారు. జత దొరికిందంటే బేరం మొదలవుతుంది. ఆ ఇంజన్ మామూలుగా పలికే ధర అప్పుడు ఎందుకూ పనికిరాదు. ప్రపంచంలో దానికి కొనుగోలుదారు ఒక్కడే అని ఇద్దరికీ తెలుసు. కొందరు అడిగినంతా ఇచ్చి తెచ్చుకుంటారు, కొందరు తేదీ సరిపోయిన ఇంకో డీజెడ్ బ్లాక్‌తో సర్దుకుని, ఆ సంగతి కాగితం మీద రాసిపెట్టుకుని కారు తోలుకుంటారు.